వరి వేరు బలపడితే డి.ఎ.పి. అప్పు తగ్గుతుందా?

ఎరువుల బస్తా కోసం రైతు బారులు తీరడం మన దేశంలో కొత్త సంగతి కాదు. 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో గోధుమ విత్తే వేళకు డి.ఎ.పి. దొరక్క రైతులు రోడ్డెక్కారు. 2025 ఖరీఫ్‌లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం తెల్లవారకముందే చెప్పులు వరసలో పెట్టి కాపలా కాశారు. సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే, భాస్వరం తక్కువగా వున్న నేలలో కూడా పండే వరి వంగడాలను హైదరాబాదు శాస్త్రజ్ఞులు తయారుచేశారన్న కబురు మన పల్లెలకు చేరుతున్నది.

రామతీర్థం చుట్టుపక్కల, నెల్లిమర్ల మండలం గ్రామాల్లో ఈ కబురు రెండు రకాలుగా తిరుగుతోంది. "ఇక డి.ఎ.పి. వేయనక్కర్లేదట" అని కొందరు సంబరపడుతున్నారు. "ఇది కూడా విత్తనాల కంపెనీల మాయే" అని మరికొందరు కొట్టిపారేస్తున్నారు. రెండూ సరి కాదు. ఈ వంగడం నిజంగా పనికొచ్చేదే. పైగా ప్రజల డబ్బుతో నడిచే సంస్థలు చేసిన పని. కాని విత్తనం మారినంత మాత్రాన దున్నేవాడి అప్పు మారదు. ఆ విత్తనం ఎవరి చేతికి వస్తుంది, ఏ షరతులతో వస్తుంది, మిగిలిన డబ్బు ఎవరి జేబులోకి పోతుంది అన్నవాటి మీదనే అంతా ఆధారపడి వుంది. అందుచేత ఈ సంగతిని మొదటినుంచీ విడమరిచి చూద్దాం.

భాస్వరం చేసే పని

మొక్కకు ముఖ్యంగా కావలసిన ఆహారాలు మూడు: నత్రజని, భాస్వరం, పొటాషు. నత్రజని లోపిస్తే ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది, ఎవరికైనా కనబడిపోతుంది. భాస్వరం లోపం అలా కనబడదు. మొక్క ముదురు పచ్చగానే వుంటుంది, కాని గిడసబారి ఎదగదు, పిలక పెట్టదు, దుబ్బు కట్టదు. ఈనిక ఆలస్యమవుతుంది, పంట నాలుగు రోజులు వెనకబడుతుంది. "చేను పచ్చగానే వుంది గాని దుబ్బు లేదు" అని మనవాళ్లు అనుకునే చాలా మళ్లలో అసలు రోగం ఇదే.

మరొక ముఖ్య విషయం. యూరియా అయితే విడతలుగా చల్లవచ్చు. భాస్వరం అలా కాదు. దాని అవసరం మొక్క తొలి దశలో, వేరు పారే రోజుల్లో. అందుకే ఆఖరి దమ్ములోనే మొత్తం వేయాలని చెబుతారు. నెల దాటాక పైపాటుగా చల్లిన డి.ఎ.పి. వల్ల ఆకు కాస్త నలుపెక్కుతుంది, అది అందులో వున్న నత్రజని వల్ల. భాస్వరం మాత్రం చాలావరకు ఆ పంటకు అందదు.

దీని అర్థం ఏమిటో కౌలుదారుకు బాగా తెలుసు. దమ్ము నాడే చేతిలో డబ్బు వుండాలి. ట్రాక్టరుకు డబ్బు, ఆకు తీతకు, ఉబాలకు కూలి, విత్తనానికి డబ్బు, ఎరువుకు డబ్బు, అన్నీ ఆ పది రోజుల్లోనే. బ్యాంకు గడప తొక్కనివ్వని కౌలుదారు ఆ పది రోజుల్లోనే షావుకారు దగ్గరికి వెళతాడు. డి.ఎ.పి. బస్తా అరువు తెచ్చుకున్న నాడే పంట ఎవరికి కొలవాలో కూడా సగం తేలిపోతుంది.

తాళం వేసిన పాతర

మనం వేసిన భాస్వరం అంతా మొక్కకు పోతుందనుకుంటే పొరపాటు. వేసిన ఏడాది పంటకు అందేది సుమారు 15 నుంచి 20 శాతం మాత్రమే. మిగిలినది ఎక్కడికి పోయింది? ఎక్కువ భాగం నేలలోనే వుంటుంది, కాని మొక్క తీసుకోలేని రూపంలో. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేస్తాయి. సున్నపు పాలు ఎక్కువున్న నల్ల నేలల్లో సున్నం పట్టేస్తుంది. గింజలు నిండా వున్న పాతరకు తాళం వేసినట్టు. ఇంట్లో ధాన్యం వుంది, తినడానికి లేదు.

నీరు నిలిచిన మడిలో పరిస్థితి కొంత మెరుగు. మడి మునిగి వున్నప్పుడు గాలి తగలక ఇనుము రూపం మారి, అది పట్టుకున్న భాస్వరంలో కొంత వదులుతుంది. అందుచేత కాలువ కింద, నిండు చెరువు కింద పల్లపు మళ్లలో వరికి భాస్వరం కొంత సులభంగా అందుతుంది. కాని మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎంత భూమికి అలా నీరు నిలుస్తుంది? గరువు భూముల్లో, చెరువు చివరి మళ్లలో వానను నమ్ముకుని ఎదలు జల్లే రైతు సంగతేమిటి? చినుకు పడ్డాక మొలిచి, తొలి నెలంతా ఆరుతడిగా గడిపే ఎద వరికి భాస్వరం సరిగ్గా కావలసిన రోజుల్లోనే పాతరకు తాళం పడి వుంటుంది. ఆ భూములు చేసేదీ ఎక్కువగా చిన్న రైతులు, కౌలుదారులు, కూలికి పోతూ అర ఎకరం, ఎకరం చేసుకునేవాళ్లే.

బస్తా వెనుక వున్న రాయి

డి.ఎ.పి. బస్తా ఎక్కడినుంచి వస్తుంది? భాస్వరపు రాయి నుంచి. ఆ రాయిని ఆమ్లంతో కరిగించి ఎరువు చేస్తారు. ప్రపంచంలో ఇంతవరకు లెక్కకు వచ్చిన నిల్వల్లో మూడింట రెండు వంతుల దాకా మొరాకో చేతిలో వున్నాయి. అందులో కొంత, 1975లో మొరాకో తన సైన్యంతో ఆక్రమించుకున్న పశ్చిమ సహారా ప్రజల నేలలోది. 2017లో ఆ రాయి నింపుకుని న్యూజిలాండుకు పోతున్న ఓడను, అది తమ ప్రజల సొత్తని సహారా స్వాతంత్ర్యోద్యమం దావా వేయగా, దక్షిణాఫ్రికా కోర్టు నిలిపివేసింది. మనం మడిలో చల్లే గుండ వెనుక ఇటువంటి కథ కూడా వుంది.

మన దేశంలో రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్రా వంటి గనులు కొన్ని వున్నా అవి మన అవసరంలో కొద్ది భాగాన్నే తీరుస్తాయి. దేశం ఏటా సుమారు కోటి టన్నుల డి.ఎ.పి. వాడుతుంది. అందులో సగం వరకు తయారైన ఎరువుగానే ఓడ దిగుతుంది. మిగిలినది ఇక్కడ తయారైనా అందులోని రాయో, ఆమ్లమో చాలావరకు పైదేశాలదే. 1967 నుంచీ విశాఖపట్నంలో ఎరువుల ఫ్యాక్టరీ నడుస్తున్నది నిజమే. కాని దానికి కావలసిన రాయి సింహాచలం కొండలో దొరకదు, ఓడలో రావాలి. కాబట్టి చైనా ఎగుమతులు బిగబట్టినా, ఎర్ర సముద్రంలో ఓడలు ఆగినా, ఆ దెబ్బ మన దమ్ము చెక్కకు తగులుతుంది.

ధరల చరిత్ర కూడా గుర్తు పెట్టుకోవాలి. 1992 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వం భాస్వరం, పొటాషు ఎరువుల ధరల మీద అదుపు ఎత్తివేసింది. యూరియా మాత్రం అదుపులో వుంది. ఫలితం ఏమైంది? రైతు ధర తక్కువున్న యూరియా వైపు మొగ్గాడు. 1991-92లో దేశంలో నత్రజని, భాస్వరం, పొటాషుల వాడకం 5.9, 2.4, 1 పాళ్లలో వుంటే, మరుసటి ఏడాదికే 9.5, 3.2, 1 అయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి పోషకాల లెక్కన సబ్సిడీ అనే పద్ధతి తెచ్చారు. అందులో సబ్సిడీకి హద్దు కట్టి, ధరను మార్కెట్టు మీదకు నెట్టారు. 2021లో ప్రపంచ ధర ఎగిసి డి.ఎ.పి. బస్తా అసలు ఖరీదు 2400 రూపాయలకు చేరినప్పుడు, దేశమంతా గగ్గోలు పుట్టాక, సబ్సిడీని బస్తాకు 500 నుంచి 1200కు పెంచారు. 2025 ఖరీఫ్‌లో బస్తా ధర 1350 రూపాయలు. ఇది కాగితం మీది ధర. కొరత వేళ అక్కర్లేని సీసానో, పొట్లాన్నో అంటగట్టి ఇచ్చే ధర వేరు.

వేరు చేసే పని

ఇప్పుడు వంగడం సంగతికి వద్దాం. పాతరకు తాళం వున్నా దాన్ని కొంత తెరవగల వరి రకాలు వున్నాయి. తూర్పు భారతంలో రైతులు తరతరాలుగా సాగుచేసిన కసలత్ అనే పాత రకం అందులో ఒకటి. ఎరువు ఎరగని బీద నేలల్లో బతికిన వరి అది. 1998లో జపాన్‌లో పరిశోధకులు ఈ వరిలో భాస్వరం లాగే గుణం జన్యువుల దండలో ఏ భాగంలో వుందో గుర్తించారు. దానికి 'పప్-1' అని పేరు పెట్టారు. 2012లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు, వారితో పనిచేసిన ఇతర దేశాలవారు కలిసి ఆ భాగంలో అసలు పనిచేసే జన్యువును పట్టుకున్నారు. భాస్వరపు ఆకలికి తట్టుకునేది అనే అర్థం వచ్చే మాటలను కుదించి దానికి 'పిస్టాల్-1' అని పేరు పెట్టారు. భాస్వరం కొరతగా వున్న నేలల్లో ఈ జన్యువు వున్న వరి సుమారు 20 శాతం ఎక్కువ గింజ ఇచ్చిందని ప్రకటించారు.

ఈ జన్యువు చేసే పని మాయ కాదు, చాలా సాదా పని. మొలిచిన తొలి రోజుల్లోనే వేళ్లను ఎక్కువగా, పొడుగ్గా పెంచుతుంది. భాస్వరం నీటితో పాటు నడిచి వేరు దగ్గరికి రాదు, వేరే దాని దగ్గరికి పోవాలి. వేరు ఎంత నేలను తాకితే అంత భాస్వరం. బలమైన వేరు నీటిని, ఇతర ఆహారాలను కూడా ఎక్కువ లాగుతుంది.

మరి మన దగ్గర ఏం జరిగింది? హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధనా సంస్థ, పూర్వం వరి పరిశోధనా డైరెక్టరేట్ అనేవారు, ఏళ్ల తరబడి భాస్వరం వేయకుండా ఒక మడిని అట్టిపెట్టింది. ఆ ఆకలి మడిలో వరి రకాలను నాటి ఏది తట్టుకుంటుందో చూశారు. అలా తట్టుకున్నవాటిలో మన ఇంటి పేరు ఒకటుంది: స్వర్ణ. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029. నలభయ్యేళ్లుగా మన ఉత్తరాంధ్ర నుంచి ఒరిస్సా, బెంగాలు దాకా పేద రైతు పొలంలో నిలిచిన వరి. "ఎరువు తక్కువైనా స్వర్ణ మోసం చెయ్యదు" అని మన పెద్దలు అనేవారు. ఆ మాటలో నిజం వుందని, దానిలో పప్-1 వుందని ప్రయోగశాల తరవాత చెప్పింది.

ఆ స్వర్ణను దాతగా తీసుకుని, మారుటేరులోనే పుట్టిన కాటన్‌దొర సన్నాలు, అంటే ఎం.టి.యు. 1010లోకి ఈ గుణాన్ని ఎక్కించినట్టు హైదరాబాదు శాస్త్రజ్ఞులు 2018లో ప్రచురించారు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, మనందరికీ తెలిసిందే. దానికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని తెచ్చారు. దానికే భాస్వరపు ఆకలిని తట్టుకునే గుణం కూడా చేర్చిన రకం డి.ఆర్.ఆర్. ధాన్ 60.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. ఇది వేరే జీవి జన్యువును చొప్పించిన పంట కాదు. వరికీ వరికీ సంకరం చేసి, పిల్ల మొక్కల్లో ఏ మొక్కకు ఆ గుణం వచ్చిందో గుర్తు చూసి ఏరిన పద్ధతి. 2025 మే 4న ఢిల్లీలో ప్రకటించిన 'కమల' అనే వరి జన్యు సవరణ పద్ధతిలో చేసినది, దాని మీద చర్చ వేరు. రెండింటినీ కలిపి గందరగోళం పడవద్దు. పైగా ఇవి సంకర విత్తనాలు కావు, సూటి రకాలు. కోసిన గింజల్లోంచే మళ్లీ విత్తనం కట్టుకోవచ్చు.

లెక్క వేసి చూద్దాం

ఎంత మిగులుతుంది? వరికి ఎకరాకు 24 కిలోల భాస్వరం అనేది మన వైపు చాలాకాలంగా చెబుతున్న మోతాదు. యాభై కిలోల డి.ఎ.పి. బస్తాలో వున్నది 23 కిలోలు. అంటే సుమారు ఎకరానికి బస్తా. ఈ కొత్త వంగడం వల్ల మూడో వంతు తగ్గించగలిగామనుకుందాం. 1350 రూపాయల బస్తాలో మిగిలేది 450. రెండెకరాల కౌలుదారుకు పంటకు 900 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే మూడు రోజుల కూలి మిగిలిందన్నమాట.

మూడు రోజుల కూలి చిన్నది కాదు. దమ్ము నాడు అరువు పెట్టాల్సిన 900 తగ్గితే దాని మీద వడ్డీ కూడా తగ్గుతుంది. ఎరువు సమయానికి దొరకని ఏడాది పంట పూర్తిగా దెబ్బతినకుండా నిలబడుతుంది, అది ఇంకా పెద్ద మేలు. కాని ఇదేదో రైతు కష్టాలన్నీ తీర్చేస్తుందని చెప్పేవారిని నమ్మవద్దు. కౌలు రేటు ముందు, గిట్టుబాటు కాని ధాన్యం ధర ముందు ఈ 900 ఎంత?

అసలు లాభం ఎవరికో కూడా చూడాలి. దేశం మొత్తం మీద డి.ఎ.పి. వాడకంలో పదో వంతు తగ్గినా పది లక్షల టన్నుల దిగుమతి తగ్గుతుంది. విదేశీ మారకం మిగులుతుంది, సబ్సిడీ ఖర్చు మిగులుతుంది. ఆ మిగులు రైతుకు, కూలికి తిరిగి వస్తుందా? లేక "మీకు ఇప్పుడు తక్కువ ఎరువు చాలు కదా" అని ఉన్న సబ్సిడీకే కోత పెడతారా? 1992 నాటి అనుభవం వున్నవాళ్లం, ఈ ప్రశ్న ముందే అడగాలి. భూమి యజమాని కూడా లెక్క తెలిసినవాడే. "నీకు ఖర్చు తగ్గింది, దిగుబడి పెరిగింది, కౌలు రెండు బస్తాలు పెంచు" అనడానికి ఎంతసేపు?

కూలికి ఇందులో ఏముంది?

"భూమి లేనివాడికి డి.ఎ.పి. ధరతో పనేమిటి?" అని మన సంఘాల్లోనే కొందరు అడుగుతారు. పని వుంది. ఒకటి, మన జిల్లాల్లో కూలి ఒక్కటే చేసి బతికే కుటుంబాలు తక్కువ. ఎక్కువమంది అర ఎకరమో, ఎకరమో కౌలుకు తీసుకున్నవాళ్లే. సగం కూలి, సగం రైతు. రెండు, దుబ్బు కట్టని చేనులో కోతకూ, నూర్పుకూ పని తగ్గుతుంది. గింజల రూపంలో కూలి తీసుకునే చోట కళ్లంలో రాశి తగ్గితే కూలివాడి వాటా కూడా తగ్గుతుంది. మూడు, ఎరువుల బిల్లు పెరిగిన ఏడాది రైతు మొదట కోత పెట్టేది కూలి రేటుకే. కంపెనీ ధర తగ్గించమని అడగలేడు, షావుకారు వడ్డీ తగ్గించమని అడగలేడు. ఎదురుగా దొరికేది కూలివాడే.

కాబట్టి ఎరువు ఖర్చు తగ్గే ప్రతి మార్గమూ మనకు కావలసిందే. కాని తగ్గిన ఖర్చు కూలి రేటులో కనబడాలంటే అది తనంతట తాను కనబడదు. ఉబాల వేళ, కోతల వేళ సంఘంగా అడగాలి.

పాతర ఖాళీ చేసుకోవద్దు

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక. ఈ వంగడం భాస్వరాన్ని పుట్టించదు. నేలలో వున్నదాన్ని ఎక్కువగా తోడుతుంది, అంతే. వరి తీసుకున్న భాస్వరంలో మూడింట రెండు వంతులకు పైగా గింజలోకి పోతుంది. ఎకరాకు రెండు టన్నుల ధాన్యం పండితే ఆ గింజతో సుమారు పది కిలోల భాస్వరం, ఎరువుల లెక్కలో చెప్పాలంటే, ఊరు దాటి మిల్లుకు పోతుంది. మిల్లులో అందులో ఎక్కువ పాలు తవుడులో వుండిపోతుంది. ఆ తవుడు మళ్లీ మన ఊరికి రాదు.

ఈ లెక్క ప్రకారం 24 కిలోల్లో మూడో వంతు తగ్గించి 16 వేస్తే నేలకు నష్టం లేదు, ఇంతకుముందు పోగుపడినది కూడా వుంది. పూర్తిగా మానేస్తే మాత్రం ఏడాదికి పది కిలోల చొప్పున పాతర తోడుకుంటున్నట్టే. అయిదారేళ్లలో అయినా, పదేళ్లలో అయినా అడుగు తగులుతుంది. అడుగు తగిలేసరికి యజమాని కౌలుదారును మార్చేస్తాడు, నేల చెడిందన్న నింద మాత్రం దున్నినవాడి మీద పడుతుంది.

అలాగని ఎక్కువ వేసినా చేటే. భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు అందకుండా పోతుంది. పొలం నుంచి కొట్టుకుపోయిన ఎరువు చెరువులో చేరితే నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి. కావలసింది కొలత.

తిరిగి ఇచ్చే మార్గాలు మనవాళ్లకు కొత్తవి కావు. పశువుల గత్తం, చెరువు మట్టి, జీలుగ, జనుము, పిల్లిపెసర దున్నడం. పట్టుబడిన భాస్వరాన్ని కరిగించే సూక్ష్మజీవుల పొడి కూడా ఇప్పుడు దొరుకుతోంది, దాన్ని గత్తంలో కలిపి వేయాలి. కాని గత్తానికి పశువు కావాలి, పశువుకు మేత కావాలి, మేతకు పోరంబోకు కావాలి. ఊరుమ్మడి మేత భూములు ఆక్రమణల పాలైన ఊళ్లో "సేంద్రియ ఎరువు వాడండి" అని సలహా ఇస్తే ఎవరు వాడగలరు? చెరువు మట్టి ట్రాక్టరు అద్దె భరించగల మోతుబరి పొలానికే పోతే, గరువు చేసే కౌలుదారుకు ఏం దక్కుతుంది?

మనం అడగవలసినవి

ఒకటి. ఈ వంగడాలను మన నేలల్లో పరీక్షించి చూపాలి. రాజేంద్రనగర్ మడి నల్ల నేల. మనవి ఎక్కువగా ఎర్ర ఇసుకపాటి నేలలు. అక్కడ సున్నం పట్టేస్తే ఇక్కడ ఇనుము పట్టేస్తుంది. అక్కడ నిలిచినది ఇక్కడా నిలవవచ్చు, కాని చూడకుండా ఎలా చెప్పగలం? శ్రీకాకుళం దగ్గర రాగోలులో వరి పరిశోధనా కేంద్రం వుంది. ఆ కేంద్రం ఆధ్వర్యంలో ఎదలు జల్లే గరువుల్లో, కౌలుదారు చేసే మడిలో, పూర్తి మోతాదు, తగ్గించిన మోతాదు పక్కపక్కన వేసి కోత నాడు అందరి ఎదుట తూకం వేయాలి. సాంబ మసూరి వంటి దీర్ఘకాలపు రకంతో సరిపెట్టకుండా, వానాధారానికి పనికొచ్చే తక్కువ కాలపు రకాల్లో కూడా ఈ గుణం తేవాలి.

రెండు. విత్తనం ప్రభుత్వ రంగం ద్వారానే రావాలి. కసలత్‌ను కాపాడింది రైతులు. స్వర్ణను, సాంబ మసూరిని తయారుచేసింది ప్రజల డబ్బుతో నడిచే కేంద్రాలు. ఆ పంటకు రంగుల సంచీ తొడిగి నాలుగింతల ధరకు అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. పంట విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, ముద్ర వేయకుండా అమ్ముకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల రక్షణ చట్టం 39వ సెక్షను రైతుకు ఇచ్చింది. 2025 నవంబరులో కేంద్రం కొత్త విత్తన బిల్లు ముసాయిదాను బయటపెట్టింది. ఏ కొత్త చట్టం వచ్చినా ఈ హక్కుకు నీళ్లు వదలకుండా కాపలా కాయాలి.

మూడు. భూసార పరీక్ష కాగితం దున్నేవాడి చేతికి ఇవ్వాలి. 2015లో మొదలైన భూసార కార్డు భూమి యజమాని పేరు మీద వస్తుంది. పట్నంలో వున్న యజమాని బీరువాలో ఆ కార్డు వుంటే మడిలో దిగినవాడికి దేని కొరతో ఎలా తెలుస్తుంది? భాస్వరం ఎక్కువున్న మడికీ, లేని మడికీ ఒకే బస్తా వేయించడం కంపెనీకి లాభం, మనకు నష్టం.

నాలుగు. కౌలుదారుకు యజమాని సంతకంతో పని లేకుండా సాగు హక్కు కార్డు, దానితో పంట రుణం ఇవ్వాలి. 2019 నాటి రాష్ట్ర చట్టం యజమాని ఒప్పుకుంటేనే కార్డు అంటుంది. యజమాని ఒప్పుకోడు. దమ్ము నాడు చేతికి బ్యాంకు రుణం అందితే తప్ప షావుకారు బస్తా నుంచి విడుదల లేదు.

అయిదు. కొత్త వంగడాలను సాకుగా చూపి భాస్వరం ఎరువుల సబ్సిడీకి కోత పెట్టకూడదు. వాడకం తగ్గినందువల్ల మిగిలే డబ్బును చెరువుల పూడికకు, పశుగ్రాస భూములకు, చిన్న రైతుల పొలాలకు మట్టి, గత్తం తోలించే పనులకు ఖర్చు చేయాలి. ఆ పనుల్లో కూలివాళ్లకు పని కూడా దొరుకుతుంది.

మంచి విత్తనం వస్తే వద్దనేవాళ్లం కాము. పేద నేలలో పేద రైతు కాపాడిన వరి గుణమే నేడు శాస్త్రం చేతిలో పదును తేలి తిరిగి వస్తోంది, దాన్ని స్వాగతించాలి. కాని వేరు నేలలోంచి లాగింది గింజకు ఎక్కినట్టు, గింజలోంచి వచ్చింది దున్నేవాడికీ, కూలికీ దక్కేలా చూడటం వేరు చేసే పని కాదు, మనం చేయాల్సిన పని. రాబోయే ఖరీఫ్‌కు ముందే ప్రతి ఊళ్లో కౌలుదారుల, కూలీల జాబితా తయారుచేసి, రైతు సేవా కేంద్రంలో, గ్రామసభలో ఈ అయిదు కోర్కెలూ పెట్టాలి. ఏ మడికి ఎంత భాస్వరం వున్నదో, ఏ విత్తనం ఎప్పుడు ఇస్తారో రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. దమ్ము మొదలయ్యాక అడిగితే లాభం లేదు.